మడమ వెనక

కొత్తపేటలో తొలి బస్సు ఎక్కాను.
సంచిలో పులిహోర, మా నాన్న పాత కొలతటేపు.
టేపెందుకో అడిగితే చెప్పలేను.
బొమ్మ దగ్గరికి వట్టి చేతుల్తో వెళ్లడం
మా ఇంట్లో లేదు.

రావులపాలెం దాటాక వంతెన కింద
గోదారి సగం ఇసక, సగం నీళ్లు.
ఒక బర్రె మాత్రం లోతు తెలిసినట్టు నడుస్తోంది.

మా నాన్న తాతారావు
ముప్ఫయ్యేళ్లు నాలుగురోడ్ల కూడళ్ల కోసం మనుషుల్ని చేశాడు.
మట్టి, అచ్చు, సిమెంటు, పైన బంగారు రంగు.
గాలి మారితే మొండెం అదే, తల వేరే.
చేతులు నాకు వదిలేవాడు:
ఎత్తిన వేలు, పట్టిన పుస్తకం, దండం పెట్టే జత.
డ్రాయింగు మాస్టారిచ్చిన పుస్తకంలో
మాసిన బొమ్మొకటి తీసి
ఏటేటా అదే మాట:
"ఆ కుడిచెయ్యి చూశావా, లెక్క తప్పిందే.
అంత పనోడు ఎలా తప్పాడో
ఎదురుగా నిలబడి కొలవాలి."
కొలవకుండానే పోయాడు.

రాజమండ్రి వచ్చినది అసలుది కాదు.
అసలు పాలరాయి ఇటలీ దాటదు.
ఇది దాని అచ్చులోంచి తీసిన ప్లాస్టరు మనిషి,
ఏడాదికని తెచ్చారు.
మ్యూజియం తలుపులో పట్టక
వెనకాల రేకుల షెడ్డులో నిలబెట్టారు.
జుట్టుకీ రేకుకీ మధ్య జానెడు.

కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వి
ఫొటో తీసుకుని పోయారు.
నాకు సిగ్గెయ్యలేదు.
మొండేల మధ్య పెరిగినదాన్ని.

కాపలా ఆయన పేరు ఏసుపాదం.
"దావీదండీ. అందరూ కొట్టేశాక అనుకుంటారు.
ఇంకా కొట్టలేదండీ. ఆ కళ్లు చూడండి,
గొల్యాతు అదుగో, ఆ సైకిల్‌స్టాండు కాడున్నాడు."
తిరిగి చూశాను. నిజంగానే చూశాను.
భుజం మీది తువ్వాలనుకున్నది వడిసెలట.
మా అన్న కొబ్బరిపీచుతో పేనేవాడు అలాంటిది
మినపచేలో పిట్టల్ని తోలడానికి.
ఒకసారి గురి కుదిరింది.
మూడ్రోజులు అన్నం ముట్టలేదు వాడు.

చెయ్యి పెద్దదే నాన్నా.
ముట్టుకోనివ్వరు, అందదు కూడా.
టేపు గాల్లో చాపి ఒక కన్ను మూసి చూశాను.
ముఖానికి పద్దెనిమిదేళ్లుంటాయి,
చేతికి నలభై.
తొమ్మిదో ఏట పీచుమిల్లులో చేరిన పిల్లలవి
అలాగే ఉంటాయి, మనిషికంటే ముందు పెరిగి.
అది తప్పో ఒప్పో
టేపు మీద అంకె లేదు.

వెనక్కి వెళ్లాను. జనం వెళ్లని వైపు.
కాలికి ఆనించి ఒక చెట్టుమోడు.
అదెందుకో నాకు తెలుసు,
అంత బరువు రెండు చీలమండల మీద నిలవదు.
మేమైతే లోపల ఇనపచువ్వ పెట్టి దాచేస్తాం.
ఆయన దాచలేదు.
మడమ వెనక అచ్చు అతుకు, సన్నగా,
సరిగ్గా అరగదీయని చోట
ఒక బొటనవేలి ముద్ర.

చెక్కినాయనది కాదు.
ఆయన పోయిన ఎన్నో తరాలకి, ఎక్కడో,
పొద్దుగూకుతోందనో జీతం పెంచలేదనో
ప్లాస్టరు ఆరకముందే వేలు తీసేసిన
నాలాంటి కూలిమనిషిది.
పులిహోర అక్కడే కూచుని తిన్నాను.
ఏసుపాదం సగం తీసుకున్నాడు.

ఆషాఢంలో అయినవిల్లి వైపు నుంచి ఒకావిడ వచ్చింది,
పేరు భూలక్ష్మి, పోయిన ప్రెసిడెంటుగారి భార్య,
మట్టిబొమ్మ చూసి సరేననడానికి.
ముక్కు బాగుందంది. పంచె అంచు బాగుందంది.
"చెయ్యి ఇంత ఉండేది కాదమ్మా."
నేను కత్తి కోసం వెతికాను. మట్టి పచ్చిగానే ఉంది.
ఆవిడ తన వేళ్లు ఆ అరచేతిలో పెట్టి
తియ్యలేదు.
"ఎనభయ్యారులో గట్టు తెగిన రాత్రి మాత్రం..."
అని ఆగి,
బంగారు రంగుకి విడిగా ఎంతవుద్దని అడిగింది.