మూడు గీతల సముద్రం

కంపెనీ పేరు ఋషికుల్యా ఎలక్ట్రానిక్స్.
బతికింది ఆరేళ్ల నాలుగు నెలలు.
బరంపురంలో, ఆస్కా రోడ్డు పక్క,
అప్పడాల గోదాము వెనక రెండు గదులు.
సోల్డరు పొగా మినప్పిండి వాసనా
ఒకే కిటికీలోంచి బయటికి పోయేవి.

నన్ను తీసుకున్నది నా వేళ్లు చూసి.
మాది మగ్గాల ఇల్లు. తెగిన పట్టుపోగుని
కళ్లు మూసుకుని అతికేదాన్ని.
బిసోయి బాబు సన్నని తీగ చేతికిచ్చి
"ఇదీ పోగే అనుకో" అన్నాడు, ఒడియాలో.
సరేనన్నాను, తెలుగులో.
జీతం ఆరువందలు.

బొమ్మలు గీసింది మా వీధి సామల దండాసి.
కంప్యూటరు మొహం ఎరగడు.
చీర అంచుకి కుంభాలు దింపే గళ్ల కాగితం మీదే
తాబేలు పిల్లని దింపాడు,
అడ్డం పదహారు, నిలువు పదహారు,
నిండిన గడి నలుపు, వదిలిన గడి ఇసుక.
"మగ్గమైనా టీవీ అయినా
దానికి తెలిసిందొకటే కదమ్మా,
పోగు ఉందా, లేదా."

ఆట ఏమంత కాదు.
ఇసుక కదులుతుంది, పిల్ల లేస్తుంది.
కుక్కలు, పీతలు, పైనుంచి గద్ద.
తప్పించి నీళ్లలో కలపాలి.
తీరా సముద్రానికి చిప్పులో చోటు మిగల్లేదు.
మూడు నీలం గీతలు గీసి
"చాలు, మిగతా నీళ్లు పిల్లలు పోసుకుంటారు" అన్నాడు.

నూటికి ఒక తాబేలు వెనక్కి తిరిగేది.
ఎటు నొక్కినా వినదు. ఊరివైపే నడిచి
స్కోరు అంకెల కింద దూరి మాయమవుతుంది.
సెట్లు తిరిగొచ్చాయి. కటకం డీలరు
ఫోనులోనే అమ్మనాన్నల్ని తలిచాడు.
తీసెయ్ దండాసీ, అని బిసోయి బాబు బతిమాలితే
బీడీ గోడకి ఆర్పి
"ఏరు కలిసే చోటికి రాత్రిపూట ఎప్పుడైనా వెళ్లేవా బాబూ?
లైటు కనబడితే అటే పోతాయవి.
నాను అబద్ధం నెయ్యను."

ఠాకురాణి యాత్ర వచ్చిన ఏడు మాది.
పులివేషం కట్టిన కుర్రాడొకడు
తోక భుజాన వేసుకుని మా స్టాల్లో గంటన్నర ఆడాడు.
ఒంటిరంగు చెమటకి కారి మీటలు పసుపెక్కాయి.
తుడవలేదు. ఆ సెట్టు అలాగే అమ్మేశాం.

తర్వాత విశాఖ నుంచి అట్టపెట్టెలు దిగాయి,
ఏ దేశానివో, పేరు అక్షరాలే తప్పు.
తొమ్మిది వందల ఆటలని పైన రాసుంటుంది,
లోపల ఉండేవి ఏడు.
ధర మాదాంట్లో సగం. పిల్లలకి అంకె ముద్దు.

తొంభైతొమ్మిది గాలివాన కంపెనీని మింగిందంటారు ఇప్పటికీ.
కాదు. లెక్కల పుస్తకం నేను చూశాను.
గాలి వచ్చి రేకులు లేపేసరికి
కింద తడవడానికి ఖాళీ డబ్బాలే ఉన్నాయి.

రెండు నెలల జీతానికి బదులు మూడు సెట్లిచ్చారు.
ఒకటి చీటీ బాకీ కింద పోయింది.
ఒకదాన్ని మా మరిది విప్పాడు, మళ్లీ బిగించలేదు.
దండాసి మగ్గం దగ్గరికే వెళ్లిపోయాడు.
ఆ ఏడు నేసిన చీరలో, కుంభాల వరసలో,
ఒకటి తిరగబడి ఉందని
షావుకారు కూలి కోశాడు.
ఆ చీర ఎవరు కట్టుకున్నారో.

మూడో సెట్టు నా దగ్గరుంది.
నిన్న రాత్రి పాత టీవీకి తగిలించాను.
అతుకులు ఒక్కటీ ఊడలేదు, ఆ మాట చెప్పుకోవాలి.
నలభై ఒకటి దాటించాక
ఒక పిల్ల ఆగింది,
ఇటు తిరిగింది.
నేను మీట మీంచి వేలు తీసేసి
అది అంకెల కిందికి చేరేదాకా
లేచి గదిలో లైటు ఆర్పి వచ్చాను.