కుడి

కుప్పం స్టేషను ముందర
చెంగల్రాయులు టీ అంగడి.
మేడమీద నా గది, రెండు కిటికీలు,
ఒక పార్సర్.

దానికి అప్పగించినవి రెండు భాషలు.
అక్కాచెల్లెళ్లు. ఒకే పోలిక, ఒకే నడక,
తగాదా అంతా చిన్నవాటి దగ్గరే.
అక్కకి వాక్యం చివర సెమికోలన్ పడాల్సిందే,
చెల్లెలికి పంక్తి మారితే చాలు.
అక్క ఇంట్లో 'మ్యాచ్' అంటే ఎవరో పెట్టుకున్న మామూలు పేరు,
చెల్లెలు దాన్నే తాళంచెవి చేసి నడుముకి దోపుకుంది.
ఇక 'కంటే చిన్నది' అనే ఆ ములుకు గుర్తు ఉందే,
అక్క దాంతో రెండంకెల్ని పోలుస్తుంది,
చెల్లెలు దాంతో పెట్టె తెరుస్తుంది.
మూత పడేదాకా చదివితే గానీ
పోలికో పెట్టో తెలీదు.

మొదట సులువైన పనే చేసినాను:
పార్సర్ మొత్తం కాపీ కొట్టి, పేరు మార్చి, పక్కన పెట్టినాను.
నెల తిరిగేసరికి
ఇక్కడ మాన్పిన పుండు అక్కడ సలుపుతా ఉంది.
పదకొండు వేల పంక్తులు, రెండుసార్లు.

మంగళవారం పొద్దున కిందికి దిగితే
క్రిష్ణగిరి లారీ మనిషి
ఒంగోలు నుంచి కొత్తగా వచ్చిన రైల్వే పిల్లోడికి
గ్లాసు తోసి "కుడి" అన్నాడు.
పిల్లోడు కుడివైపు చూసినాడు.
అంగడంతా నవ్వింది, నేనూ నవ్వినాను.
చెంగల్రాయులు నవ్వలేదు.
"తాగమంటా ఉండాడు నాయనా" అన్నాడు, టీ వంచుతానే.
అదే నోటితో కోలారు ఆమెకి "చిల్లరె ఇల్ల",
వెనక్కి తిరిగి కూతురితో, "ఇల్లు తాళమేసినావా మే?"

నీది ఏ భాష అని ఆయన ఎవర్నీ అడగడు.
ఇంకొక్క మాట వినబడేదాకా
గ్లాసు గాల్లోనే పట్టుకొని ఉంటాడు.
చెవి ఒకటే.

ఆ రాత్రి రెండో పార్సర్ తుడిచేసినాను.
(చేతులు వణికినాయి, బొంకడమెందుకు.)
ఇప్పుడు ఒకటే చెట్టు. వేరు నుంచి ఒకే జెండా దిగుతుంది:
మాట్లాడేది అక్కా, చెల్లెలా.
ప్రతి గడపలో దాన్ని అడగను,
దారి నిజంగా చీలే ఏడు చోట్ల తప్ప.
అక్క ఇంట్లో చెల్లెలి మాట దొర్లినా
ముందు లోపలికి రానిచ్చి, కూర్చోబెట్టి,
తర్వాత చెప్తాను.

ఆ చెప్పే మాట దగ్గరే తెల్లారింది.
"వాక్యదోషం, 214వ పంక్తి" అని ఉండింది.
కొట్టేసి,
"ఇది చెల్లెలి పద్ధతి.
ఇక్కడైతే చివర సెమికోలన్ పెడతారు" అని రాసినాను.

కింద షట్టరు లేస్తా ఉంది.
ఒక పరీక్ష ఇంకా ఎర్రగానే ఉంది.
అదే ములుకు, మూత పడని పెట్టె.
టీ తాగొచ్చి చూస్తా.