చేబదులు

పంపకాల్లో నాకు పెట్టె వచ్చింది.
అన్నకు పడవ, చెల్లికి ఒడ్డున ఆవిరి గది,
నాకు ఈ ఓక్ చెక్క పెట్టె.
ఏడు సొరుగులు, ఇత్తడి మూలలు,
ఇద్దరు పడితే గానీ లేవని బరువు.
"ఏం చేసుకుంటావే దీన్ని?" అన్నాడు అన్న.
నిజమే, నేను పళ్ళ డాక్టరు దగ్గర గార గీకే మనిషిని.
నా పనిముట్లన్నీ ఒక పళ్ళెంలో వేసినా
తాత రెంచి ఒక్కదానికి తూగవు.

డులూత్‌లో మార్చి అంటే
సరస్సు ఇంకా పళ్ళు బిగించుకునే ఉంటుంది.
గరాజ్‌లో హీటరు పెట్టుకుని
మొదటి సొరుగు లాగాను. రాలేదు.
పై మూత ఎత్తితే తప్ప
కిందివి కదలవని తెలియడానికి ఒక పూట పట్టింది.

ముందు వాసన వచ్చింది.
నూనె, పాత ఉన్ని,
ఆయన చప్పరించే తారు బిళ్ళలు.
మనిషి పోయి మూడు వారాలు,
వాసనకు ఆ కబురు ఇంకా అందలేదు.

పచ్చ గుడ్డ మీద ఒక్కో పనిముట్టుకు ఒక్కో పల్లం,
ఏళ్ళ తరబడి ఒకే పక్కకి తిరిగి పడుకున్నట్టు.
రెండో సొరుగులో ఒక పల్లం ఖాళీ.
చీకట్లో చెయ్యి పెట్టినా
ఏది ఎక్కడుందో ఆయన వేళ్ళకు తెలుసట.
తన కళ్ళజోడు ఎక్కడుందో మాత్రం
రోజూ నాయనమ్మనే అడిగేవాడు.

ఒక స్పానరును ఎర్రగా కాల్చి మెడ వంచాడు,
ఏ ఇంజనులో ఏ మూల దాక్కున్న నట్టు కోసమో.
ఇంజను ఎప్పుడో తుక్కయింది.
వంపు ఇంకా ఆ నట్టునే వెతుకుతోంది.

మూత లోపల పెన్సిలు రాత:
నాన్న పుట్టిన తేదీ,
దాని కిందే ఒక బేరింగు కొలత.
రెండూ ఒకే పొందిక.

నాలుగో సొరుగులో ఆ రెంచి.
అన్నిటి మీదా యు.ఎల్. అని చెక్కి ఉంటే
దీని మీద మాత్రం ఎస్. పావ్లిచ్.

నాన్నకు ఫోన్ చేశాను.
"ఓ, స్టాంకో! రైలు షెడ్డులో పక్క బల్ల.
ఈయనది ఫిన్లండు, ఆయనది క్రొయేషియా.
ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రం,
చేతులతోనే దెబ్బలాడుకునేవాళ్ళు."

చేబదులు తెచ్చింది తీర్చకుండా పోయాడా?
కొట్టువాడు ఎక్కువిచ్చిన చిల్లర కోసం
రెండు మైళ్ళు మంచులో వెనక్కి నడిచిన మనిషి!
ఆ రాత్రి నాకు కన్ను అంటలేదు.

ఆదివారం రెంచిని తువ్వాల్లో చుట్టుకుని
ఎవలెత్ దాకా కారు నడిపాను.
తలుపు తీసింది స్టాంకో కూతురు డ్రాగిత్సా,
డెబ్బై దాటిన మనిషి.
తువ్వాలు విప్పాను.
ఆమె ఏమీ అనలేదు.
మోకాళ్ళు పట్టుకుంటూ నేలమాళిగలోకి దిగి,
పెచ్చులూడిన ఎర్ర రేకు పెట్టె వెతికి,
ఒక కాలిపర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.
యు.ఎల్.

"రిటైరైన రోజు మా నాన్న ఇచ్చెయ్యబోతే
మీ తాత పుచ్చుకోలేదు.
ఇచ్చేస్తే ఇంక దేనికొస్తానన్నాడు."

వాల్‌నట్ రొట్టె తిన్నాం, కాఫీ తాగాం.
నా పనేమిటో తెలిశాక
ఆమె కిటికీ దగ్గరికి జరిగి నోరు తెరిచింది.
కింది దవడలో ఒక పన్ను కదులుతోంది.

తిరిగొచ్చేటప్పుడు
రెంచి నా తువ్వాల్లోనే ఉంది,
కాలిపర్ ఆమె నేలమాళిగలో.

దాని పల్లంలో దాన్ని పడుకోబెట్టి
సొరుగు తోశాను.
చివరి అంగుళం దగ్గర లోపలి గాలి నిట్టూర్చి
తనంతట తానే మూసుకుంది.
వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి,
ఆ పన్ను సంగతి చూడాలి.