ఎవరి చేతిలో ఏది

సినిమా పెడితే ఎలూటెరియో మామ కథ చూడడు.
చేతులు చూస్తాడు.

దనావ్‌లో ఆ రాత్రి వాన
రేకుల మీద గులకరాళ్లు పోస్తోంది.
బల్ల మీద వేయించిన ఎండుచేప, వెనిగరు గిన్నె.
మనీలాలో ఎప్పుడో తీసిన నేరాల సినిమా,
గీతలు పడ్డ డిస్కు.

"బ్యాంకులో దూరినవాడిది పాయింట్ నలభై అయిదు.
ఏడు తూటాలు పడతాయి. వాడిప్పటికి పదకొండు కాల్చాడు.
ఏ పునీతుడో పక్కన నిలబడి నింపుతున్నాడు కాబోలు.
ఇన్‌స్పెక్టరుది రివాల్వరు. దానికి సేఫ్టీ మీట ఎక్కడిది?
ఆ టిక్కుమనే చప్పుడు పెట్టినవాడు
జన్మలో దాన్ని ముట్టుకోలేదు.
ముఠా నాయకుడి పొడుగాటిది వట్టి రబ్బరు,
కారు తలుపుకి తగిలి వంగింది చూడు.
ఇక ఆవిడ పర్సులోది సిగరెట్ లైటరు."

నేను నవ్వుతూ కాగితం మీద రాస్తున్నాను,
ఎవరి చేతిలో ఏది, ఎన్ని కాల్చారు.
నా పదో ఏటి నుంచీ మా ఇద్దరి ఆట ఇది.
కొన్ని ఇళ్లలో పేక ఆడతారు.

మా వీధిలో వంటింటికొక ఆకురాయి కూసేది.
పొయ్యి మీద అన్నం, పొయ్యి పక్కన గొట్టం.
విరిగిన జీపు ఇరుసులోంచి రెండు వారాల్లో
అమెరికా కంపెనీ పేరుతో ఒక రివాల్వరు దిగేది,
అరటిగెలల కింద పడుకుని పడవెక్కేది.
ఎటు పోయిందని అడగకపోవడం మా ఊరి మర్యాద.
పోలీసు బండి మలుపు తిరిగితే
వీధి వీధంతా కొబ్బరి కోరుతూ కూర్చునేది.

సినిమా చివరికొచ్చింది.
చేపల మార్కెట్టు, తెల్లవారుజాము, మంచుగడ్డల మధ్య పరుగు.
మూడో రౌడీ. వాడికి పేరు లేదు, మాట లేదు.
నడుములోంచి తీస్తాడు. పేల్చకముందే పోతాడు.
చేతిలోది కింద పడింది.

మామ నమలడం ఆపాడు.
"రబ్బరు కాదు. విన్నావా? ఇనుము."
వెనక్కి తిప్పాడు. మళ్లీ పడింది. బొమ్మ ఆపాడు.

తడి నేల, ఒక చేప తోక,
దాని పక్కన గొట్టం మీద కంపెనీ పేరు.
ఆ పేరులో ఇంగ్లీషు ఎన్ తిరగబడి ఉంది.

అచ్చు చెక్కేవాడు అక్షరాన్ని అద్దంలోలా చెక్కాలి.
మా నాన్న అన్నీ అలాగే చెక్కి
ఎన్ దగ్గర పరధ్యానపడ్డాడు.
మళ్లీ చెయ్యడానికి మంచి ఉక్కు దొరకలేదన్నాడు.
కొనేవాడు గురి చూస్తాడు గాని గుణింతం చూస్తాడా అన్నాడు.
అదే అచ్చుతో నా అన్నం డబ్బా మూత మీద
నర్సిసా అని కొట్టిచ్చాడు.
నా మొదటి అక్షరమే నాకు వీపు పెట్టి నిలబడేది.
రెండో తరగతి అంతా నవ్వింది.
మేకుతో గీకాను. పోలేదు.

"సిల్వెరియోది," అన్నాడు మామ,
పెళ్లిలో దూరపు చుట్టాన్ని పోల్చుకున్నట్టు.

ఎలా వచ్చిందో అక్కడికి.
ఏ కోర్టు బీరువాలోంచి అద్దెకు తెచ్చారో,
అంతకుముందు ఎవరి నడుమున పడుకుందో.
మామ తెరకి ముక్కు ఆనించి చూశాడు.
పిడి మీద నాన్న చెక్కే గరుకు గళ్లు
ఒకవైపు నున్నగా అరిగిపోయాయి.
"ఎడమచేతివాటం వాడెవడో.
బాగా వాడాడు."
ఇంకేమీ అనలేదు.
వాన మాత్రం అంటూనే ఉంది.

కాగితం మీద పదహారు రాశాను అప్పటికి.
పదిహేడు దగ్గర పెన్ను ఆగింది.
"రాయి," అన్నాడు. "మూడో రౌడీ. పాయింట్ ముప్పై ఎనిమిది.
దనావ్. కాల్చినవి, సున్నా."
నిజమో కాదో మళ్లీ తిప్పి చూశాడు.
వాడు పరిగెత్తాడు, తీశాడు, పడ్డాడు.
మరోసారి తిప్పాడు.
సున్నాయే.

"ఆ డబ్బా ఉందా ఇంకా?"

ఉంది మామా.
మేకులు పోసుకున్నాను.