ముప్పావు అంగుళం

రాత్రి రెండింటికి ఆకలి.
కర్నూలు పెద్దాసుపత్రి నుంచి వచ్చి పదకొండు రోజులు.
ఆదోనిలో కుక్కలు కూడా పండుకున్న వేళ
నేను ఉగ్గాని కావాలని ఏడుస్తా.
అది నా ఆకలి కాదు, మాత్రది.
నా నిద్రను మింగేసి
ఇంకేమన్నా ఉందా అంటుంది.

కాలివేళ్ళ తిమ్మిరి దిగాలని రాసిచ్చినారు స్టెరాయిడు.
పొద్దున రెండు, వారం పోతే ఒకటిన్నర,
ఆపైన ఒకటి, సగం.
ఒక్కసారిగా ఆపగూడదంట.
మెట్లు దిగినట్టే దిగల్లంట.
మెట్లు చూసుకుందామంటే
నేనేమో వంగలేను.

బుగ్గలుబ్బి కండ్లు చిన్నవైనాయి.
మా జేజి హనుమక్క దిష్టి తీసి మెటికలు విరిచి
"ఇప్పుడొచ్చింది బిడ్డ మొగానికి కళ" అంటుంది.
అద్దంలో ఉండేది ఎవరో నాకు తెలీదు.
జేజి సంతోషం మాత్రం చెరపబుద్ధి కాలేదు.

వీపులో రెండు కడ్డీలు, పద్దెనిమిది మరలు.
పక్కకు తిరగాలంటే దుంగను దొర్లించినట్టు
భుజమూ నడుమూ ఒకటిగా.
అమ్మ చెయ్యేసి లెక్కపెడుతుంది, ఒకటి, రెండు,
మూడనకముందే కేకపెడతా.
ఒకనాడు ఆమె మీదికి చెంబు విసిరినా.
"నువ్వు కాదులే, మాత్ర" అనింది
చెంబు సొట్టను బొటనవేలితో తడుముతా.
విసిరింది మాత్రం నేనే.

సగం మాత్రకు వచ్చినాక
నా మొగం నాకు తిరిగొచ్చింది.
"చిక్కిపోయినావు గదే" అని జేజి కొంగు తడుపుకుంది.

మూడు నెలలకు బడి.
గోడకు ఆనించి నిలబెట్టింది అమ్మ.
పెన్సిలు గీత పాతదానికన్నా రెండు వేళ్ళు పైన.
ఆ రాత్రి మిషను తొక్కుతానే ఉన్నింది.
తెల్లారి కొత్త టాపు తొడిగితే
కుడిపక్క అంచు కిందికి జారింది.
అమ్మ చూసింది. ఏమీ అనలేదు.

కొలతల పుస్తకం తీసినా.
జాకెట్ల లెక్కల నడుమ, ఊరందరి నడుముల నడుమ
ఏడాదికొకసారి నా పేరు.
ఏడో తరగతి: కుడి పక్క పావు ఎక్కువ.
ఎనిమిది: అర.
తొమ్మిది: ముప్పావు.
మూడేండ్లు
ఎవరికీ కనపడకుండా,
నాక్కూడా,
నా వంకరకు సరిపోయేటట్టు గుడ్డను వంకర కోసింది.

"చెయ్యి మర్చిపోలేదు" అనింది.
ఇప్పుడు బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పుతా ఉంది.
నేను కదలకుండా నిలబడినా, నిటారుగా.
అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుదామనుకున్నా.
నోటినిండా గుండుసూదులు పెట్టుకున్న మనిషిని
ఏమడుగుతాం.