ముప్పై శాతం దగ్గర

కాలువ కట్టేసిన నెల.
లాకు ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం
వంతెన దాటి ఇటు రావడం లేదు.
ల్యాప్‌టాప్ తెర నిండా నీలం,
నీలంలో తెల్లచుక్కలు గుండ్రంగా
నూర్పిడి గొడ్లలా తిరుగుతున్నాయి.

ముప్పై శాతం.
టీ తాగి వచ్చాను. ముప్పై శాతం.
గోడ మీద బల్లి చోటు మారింది. ముప్పై శాతం.

అప్పుడది ఎంతో మర్యాదగా అంది:
"పూర్తి కాలేదు. చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం."
ఎవరి ఉత్తర్వు మీదో చెప్పలేదు.
మా శాఖ భాష ఎక్కడ నేర్చుకుందో గానీ.

పాలకొల్లు నుంచి జిలానీ ఫోన్లో:
"జాగా చాలట్లేదేమో మేడమ్, పాతవి తీసెయ్యండి."
తీశాను.
గుర్రపుడెక్క తీయకముందు ఫొటోలు, తీశాక ఫొటోలు.
రెండింట్లోనూ గుర్రపుడెక్కే.
పోయినేడు పడ్డ గండి, తొమ్మిది వైపుల నుంచి.
బదిలీ అయిపోయిన ఏఈ గారి తమ్ముడి పెళ్లి వీడియో
ఎలా వచ్చిందో ఇందులోకి, నాలుగు జీబీలు,
అప్పడాలు వడ్డించేదాకా చూసి తీసేశాను.

మళ్లీ పెట్టాను. ముప్పై.

"యాంటీవైరస్ ఆపండి." ఆపాను.
"ప్రింటర్ వైరు పీకండి." పీకాను.
"ఆ ఫోల్డరు ఖాళీ చేసి, ఆపి, మళ్లీ వెలిగించండి."
వెలిగించాను. మధ్యలో కరెంటు పోయింది.
సొంత బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కనక
కరెంటుతో పాటు ఇదీ పోయింది.
"నెట్ సంగతి వదిలెయ్యండి, పెన్‌డ్రైవ్‌లో పంపుతా" అన్నాడు.
నరసాపురం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు,
అగ్గిపెట్టెలో పెట్టి, పైన నా పేరు తప్పు రాసి.

ముప్పై.

సాయంత్రం లస్కరు ఏసుపాదం రిజిస్టరు తెచ్చాడు.
గోడ క్యాలెండరుకి చెద పట్టిందని నిన్ననే తీసేశాం.
పెన్ను చెవి మీంచి తీసి
"తేదీ ఎంతండీ ఇవాళ?" అన్నాడు.
తెర మూలకి చూసి చదివాను,
"జనవరి ఒకటి."
అతను రాయలేదు.
కిటికీలోంచి కాలువ వైపు చూశాడు.
నెర్రెలిచ్చిన అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.
"జనవరిలో అక్కడ నా పీకలదాకా నీళ్లండీ" అన్నాడు.

ఏ జనవరి? సంవత్సరం చూశాను.
నేనింకా ఈ ఉద్యోగంలో చేరని ఏడు.

లోపలెక్కడో బొట్టుబిళ్లంత బ్యాటరీ చచ్చిపోయి
కరెంటు పోయినప్పుడల్లా ఈ యంత్రం
తాను పుట్టిన రోజుకి వెళ్లి కూచుంటోంది.
వచ్చిన సరుకు మీదేమో ఈ నెల సంతకం.
ఇంకా రాని రోజున చేసిన సంతకాన్ని
ఏ ఆఫీసు మాత్రం ఒప్పుకుంటుంది?
మొండికేస్తోందనుకున్నాను ఇన్నాళ్లూ.
రూలు ప్రకారమే వెనక్కి పంపుతోంది, పాపం.

లాకు గోడ మీద సున్నంతో రాసిన మాట ఇంకా ఉంది:
ఎగువ, దిగువ ఒక మట్టానికి రానిదే తలుపు తీయరాదు.
పడవలు మానేసి ఎన్నాళ్లయిందో.

వాచీల కొట్టు వీరరాఘవులు నలభై రూపాయలన్నాడు.
మరలు పెరుగు డబ్బా మూతలో పోశాను.
బిగించాక ఒకటి మిగిలింది.
తేదీ నా చేత్తో పెట్టాను, మే పద్నాలుగు.

ముప్పై.
నేను లేవలేదు.
ముప్పై ఒకటి.
ఏసుపాదం బీడీ ఆర్పేశాడు, ఎందుకో.

వంద అయ్యేసరికి దోమలు మొదలయ్యాయి.
కొత్త తెర, అక్షరాలు కాస్త గుండ్రంగా,
"అన్నీ మీరు వదిలిన చోటే ఉన్నాయి" అంది.
నిజమే, ఉన్నాయి.
కాలువ కట్టేసిన నాటి నుంచి నేనెక్కించిన నీటిమట్టాలు,
ఇరవై ఆరు రోజులవి,
అన్నీ ఒక్క జనవరి ఒకటినే.

రిజిస్టరు తెరిచి అతను చదువుతున్నాడు, నేను దిద్దుతున్నాను.
"ఏప్రిల్ పద్దెనిమిది. ఎగువ సున్నా, దిగువ సున్నా."
"పంతొమ్మిది. ఎగువ సున్నా, దిగువ సున్నా."
సున్నాలేగా, ఒక్కసారే వేసెయ్యండి అని
అతనూ అనలేదు, నేనూ అడగలేదు.
"ఇరవై. ఎగువ..."