బెత్తెడు సందు

స్లైగో దాటి సముద్రం వైపు తిరిగే రోడ్డు చివర
పదకొండు గదుల ఇల్లు.
మంచితనాన్ని కొలిచి రమ్మని నన్ను పంపారు.
ఉద్యోగం పేరు నాణ్యతాధికారి.
వంటగదిలో వాళ్ళు పెట్టిన పేరు వేరే,
నేను అటు తిరగ్గానే వినపడేది.

నవంబర్లో ఫిన్‌బార్ అనే పెద్దాయన స్నానాల గదిలో జారాడు.
తుంటి విరిగింది. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.
నేల తడిగా ఉందని ముగ్గురికి తెలుసు.
ఒకరు చెప్పి ఉంటారని ఇంకొకరు చెప్పలేదు.
ఎక్కడా రాసి లేదు.
అందుకని నేను.

వారం పాటు లెక్కలే లెక్కలు.
మందుల చీటీలు, కుళాయి నీళ్ళ వేడి, మంచాల కమ్మీల మరలు,
ఫిర్యాదుల పెట్టె.
దాని తాళంచెవి పోయి నాలుగేళ్ళట.
పగలగొడితే లోపల రెండు బిస్కెట్ కాగితాలు, ఒక పళ్ళసెట్టు.
నవ్వాను.
ఇంటికెళ్ళే దారిలో అనిపించింది,
అది కూడా ఎవరిదో ఫిర్యాదేమోనని.

రాత్రి డ్యూటీ ఫరాయ్ జేబులో
నూనె మరకల నోటుబుక్కు ఉండేది.
ఇవ్వనన్నాడు. మూడోసారి అడిగితే ఇచ్చాడు.
‘నాలుగో గది: ఎడమవైపు నిలబడి మాట్లాడకు,
వినపడదు, కోపమొస్తుంది.
తొమ్మిది: మాత్ర మింగాక నాలుక కింద చూడు. నవ్వుతూ చూడు.
ఏడు, ఆట్రాక్టా: తలుపు మూస్తే ఏడుస్తుంది.
బెత్తెడు సందు వదులు.
ఎందుకని అడక్కు.’

ఇక దొరికిందనుకున్నాను.
ఆ పుస్తకాన్ని విప్పదీసి, గళ్ళు గీసి,
వాక్యానికో ప్రశ్న తయారుచేశాను.
చోటు చాలక ‘త.సం.’ అని కుదించాను.
అవును, కాదు. గంటకోసారి. సంతకం.
ఏప్రిల్ కల్లా గోడ మీద నా పచ్చగీత
తొంభై ఎనిమిది దగ్గర
గాలి లేని రోజు పడవలా నిలబడిపోయింది.
తనిఖీవాళ్ళు వచ్చారు, టీ తాగారు, మెచ్చుకున్నారు.

మే నెలలో నిద్రపట్టని ఒక రాత్రి
చెప్పకుండా వెళ్ళాను.
మూడు దాటింది. హీటరు పైపుల చిటపట.
ఏడో గది తలుపు మూసి ఉంది.
పక్కన కొక్కేనికి వేలాడే కాగితంలో
పన్నెండు, ఒకటి, రెండు, మూడు:
అవును, అవును, అవును, అవును.
నాలుక్కి కూడా అవును.
నాలుగింకా కాలేదు.

ఫరాయ్ కాదు. అతను ఈస్టర్‌కి ముందే మానేసి
కిల్లీబెగ్స్‌లో చేపల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.
పోతూ నోటుబుక్కు అడగలేదు. నా సొరుగులోనే ఉంది.
ఇప్పుడున్నది ఓయిన్, పందొమ్మిదేళ్ళవాడు.
‘అది తలుపు గురించా?’ అన్నాడు, నిజంగా తెలియక.
‘త.సం. అంటే తల సంగతేమో అనుకున్నా.
రోజూ దిండు సరిచేస్తున్నా.’

తలుపు తీశాను.
ఆట్రాక్టా ఏడవడం లేదు. నాకు భయమేసింది.
కళ్ళు తెరిచే ఉంది.
‘ఎవరు?’
‘నెస్సా.’
‘రాసే పిల్లవా?’
అవునన్నాను.
‘రాసుకో’ అంది, గోడకేసి తిరిగి.

ఆ కాగితాలు చింపెయ్యలేదు.
ఫిన్‌బార్ కోసం చింపలేదు.
నీళ్ళ వేడి గడి ఉంది, తడి నేల గడి ఉంది,
అవి ఉండాల్సిందే, నాతో ఎవరూ వాదించొద్దు.
త.సం. ఒక్కటి కొట్టేసి
అక్కడొక ఖాళీ గీత వదిలాను:
ఈ రాత్రి ఏం చూశావు?

మొదటి వారం ‘ఏమీ లేదు’ ఐదుసార్లు.
‘బాగానే ఉంది’ పన్నెండుసార్లు.
ఒకరు వాతావరణం రాశారు.
గురువారం ఓయిన్ రాత, సగం తప్పులతో:
‘సందు వదిలా. మెట్ల దీపం సన్నగా లోపలికొచ్చి
ఆమె చెయ్యి మీద పడుద్ది.
ఆ చెయ్యి చూసుకుంటూ పడుకుంది.
తన చెయ్యి ఇంకా ఉందో లేదో అన్నట్టు.’

నెలాఖరు నివేదికలో శాతం గడి దగ్గర ఆగిపోయాను.
ఏం వెయ్యాలో తెలియక ఖాళీగా పంపాను.
హెడ్డాఫీసు తిప్పి పంపింది,
పైన ఎర్రసిరాతో: అసంపూర్తి.

అవును దగ్గర టిక్కు పెట్టాను.